స్మూతీలకు కొలతలు గ్రాముల్లో వేయండి

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరితే చాలు, పత్రికల మహిళా పేజీల్లోనూ ఆదివారం అనుబంధాల్లోనూ స్మూతీలు వరుస కడతాయి. కొన్ని బ్లూబెర్రీ, అవకాడో అడుగుతాయి. అవి మన సంతలో దొరకవు, దొరికినా ధర అందదు. మిగతావి ‘రెండు అరటిపండ్లు, కప్పు మామిడి ముక్కలు, తగినంత పంచదార, కొద్దిగా తేనె, ఐసు ముక్కలు వేసి మెత్తగా తిప్పాలి’ అని రెండు వరుసల్లో తేల్చేస్తాయి. కర్పూర అరటిపండు రెండు వేస్తే వచ్చేది ఒక గ్లాసు. పెద్ద పచ్చ అరటిపండ్లు రెండు వేస్తే అది ఒక పూట భోజనమంత అవుతుంది. ‘తగినంత’ అన్న మాట దగ్గర ఎవరి చెయ్యి వారిష్టం. చివరికి ఆరోగ్యం కోసం మొదలుపెట్టింది పంచదార పానకమై కూర్చుంటుంది. పైగా బొప్పాయి పాలు చేదెక్కాయనో, సపోటా వగరు పట్టిందనో పారబోస్తారు. తప్పు చేసినవారిది కాదు, చెప్పాల్సినది చెప్పని రాతది. అందుకే ఈ ఉత్తరం.

ముందు కొలత. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, 2000 కిలోకేలరీల రోజువారీ పళ్లెంలో పండ్ల వాటా 100 గ్రాములు. విడిగా కలిపే చక్కెర రోజుకు 25 గ్రాములు దాటితే ఎక్కువని అందులోనే ఉంది. ఈ రెండు అంకెలు దగ్గర పెట్టుకుంటే ఇంట్లో స్మూతీ కొలత ఇంచుమించుగా తేలుతుంది. 300 మిల్లీలీటర్ల గ్లాసుకు తొక్క, గింజ తీసిన పండు 120 గ్రాములు, పెరుగో పాలో 120 మిల్లీలీటర్లు, చల్లటి నీళ్లు 50 మిల్లీలీటర్లు, పల్లీలు గానీ నువ్వులు గానీ అవిసె పొడి గానీ 10 గ్రాములు. పంచదార సున్నా. అరటిపండుతో చేస్తే ఇది సుమారు 230, 240 కిలోకేలరీలు. ఇడ్లీలు ఆ మేరకు తగ్గించుకుని తాగాల్సిన గ్లాసు అన్నమాట. టిఫిను కడుపునిండా తిన్నాక పైన తాగేది కాదు. ఇందులో రెండు పెద్ద చెంచాల పంచదార వేస్తే ఆ పంచదార ఒక్కటే 25 గ్రాములు, 100 కిలోకేలరీలు. రోజు మొత్తానికి ఉన్న హద్దు ఒక్క గ్లాసుతోనే తీరిపోతుంది.

తేనె, బెల్లం వేస్తే పంచదార వేయనట్టే అన్న నమ్మకం మన ఇళ్లలో గట్టిగా ఉంది. శరీరానికి అవీ చక్కెరే. చిన్న ఖర్జూరాలు రెండు వేస్తే సుమారు 10 గ్రాముల చక్కెర చేరుతుంది. ఖర్జూరంలో పీచు ఉంది కాబట్టి పంచదార కన్నా మేలే, కానీ లెక్కలోంచి తీసేయడానికి లేదు. అసలు బాగా మగ్గిన పండు తెస్తే తీపి విడిగా కలపాల్సిన పనే పడదు. స్మూతీలో పంచదార అవసరమైందంటే చాలాసార్లు పండు దోరగా ఉందని అర్థం.

కేజీ లోపు బరువులు తూచే వంటింటి కాటా ఉంటే మంచిది. లేనివారికి ఒక గుర్తు: తొక్క తీసిన పెద్ద పచ్చ అరటిపండు ఒకటి 100 నుంచి 120 గ్రాములు తూగుతుంది. కర్పూర అయితే రెండు పండ్లు పడతాయి. చక్కెరకేళి సహజంగానే తీపి, గుజ్జు మెత్తన; దానికి ఇంకేదీ వేయకపోతేనే రుచి.

అరటి స్మూతీలో పనుల వరస ముఖ్యం. వేయించిన పల్లీలు 10 గ్రాములు, అంటే ఒక పెద్ద చెంచా, ముందు చట్నీ జారులో పొడిగా పది సెకన్లు తిప్పండి. ఇంకాసేపు తిప్పితే నూనె విడిచి ముద్దయి గోడలకు అంటుకుంటుంది. తరువాత అరటి ముక్కలు, 50 మిల్లీలీటర్ల నీళ్లు పోసి ఇరవై సెకన్లు. ఆగి, మూత తీసి, గోడలకంటిన గుజ్జును చెంచాతో కిందికి దించి మరో పది సెకన్లు. పెరుగు చిట్టచివర వేసి ఐదు సెకన్లు మాత్రమే. చాలామంది పెరుగును మొదటే వేసి రెండు నిమిషాలు తిప్పుతారు. మీగడ పెరుగైతే అది కవ్వంతో చిలికినట్టే. వెన్న పూసలు పూసలుగా పైకి తేలుతుంది, కింద పలుచని మజ్జిగ మిగులుతుంది. మిక్సీ పాడైందనుకుంటారు గానీ అది దాని పని అది చేసింది.

పాలా, పెరుగా, నీళ్లా అన్నది పండును బట్టి తేల్చుకోవాలి. బత్తాయి, కమలా, పుల్ల ద్రాక్ష లాంటి పుల్లటి పండ్లు పాలల్లో పడితే పాలు విరుగుతాయి. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తి పులుపు తగలగానే గడ్డకడుతుంది. పెరుగు అప్పటికే పులిసినది కాబట్టి దానికి ఈ బెడద లేదు. సపోటా, అరటి, సీతాఫలం, బాగా మగ్గిన మామిడి పాలతో ఒదుగుతాయి. పాలు కాచి, పూర్తిగా చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టినవే వాడాలి. గోరువెచ్చటి పాలల్లో పండు వేస్తే విరిగే అవకాశం ఎక్కువ, రుచీ ఉండదు. పాలు, పండు కలపడం విరుద్ధాహారమని ఆయుర్వేదం ప్రకారం మానుకునే కుటుంబాలు మనలో చాలానే ఉన్నాయి. వారు పాల బదులు కొబ్బరిపాలు 50 మిల్లీలీటర్లు, నీళ్లు 120 మిల్లీలీటర్లు పోసుకోవచ్చు, చిక్కదనం బాగానే వస్తుంది.

బొప్పాయి, అనాస సంగతి వేరు. ఈ పండ్లలో మాంసకృత్తులను ముక్కలు చేసే ఎంజైములు ఉన్నాయి: బొప్పాయిలో పపైన్, అనాసలో బ్రొమెలైన్. మాంసం మెత్తబడటానికి పచ్చి బొప్పాయి ముక్క వేస్తారే, ఆ గుణమే ఇక్కడ పాల మీద పనిచేస్తుంది. పాల మాంసకృత్తులు విరిగి చేదు రుచి ఉన్న చిన్న ముక్కలవుతాయి. చేసిన వెంటనే తాగితే తెలియదు, అరగంట ఆగితే చేదు నాలుకకు తగులుతుంది. ఉదయం చేసి ఫ్రిజ్‌లో పెట్టి సాయంత్రం తాగేవారికి ఎదురయ్యేది ఇదే. పపైన్ దోర కాయలో ఎక్కువ, బాగా పండాక తక్కువ. కాబట్టి తొక్క మొత్తం పసుపెక్కి, వేలితో నొక్కితే కాస్త దిగే పండునే స్మూతీకి తీసుకోండి. అసలు బొప్పాయికి పాలే అక్కరలేదు. బొప్పాయి 100 గ్రాములు, గింజ తీసిన బత్తాయి తొనలు 60 గ్రాములు, చిటికెడు అల్లం తురుము, 100 మిల్లీలీటర్ల చల్లటి నీళ్లు: ఇది చేదెక్కదు, విరగదు.

అనాసలో బ్రొమెలైన్ పండినా పోదు. పెరుగుతోనో పాలతోనో కలపాలనుకుంటే ముక్కలను కొద్ది నీళ్లలో వేసి మూడు నాలుగు నిమిషాలు ఉడికించి, పూర్తిగా చల్లార్చి వాడండి. వేడికి ఎంజైము చచ్చిపోతుంది. సి విటమిన్ కొంత పోతుంది, అది తప్పదు. సీతంపేట కొండల నుంచి వచ్చే అనాసకు మంచి వాసన ఉంటుంది. దానిని ఉడికించకుండా పుదీనా, మిరియాల పొడి, నీళ్లతో చేసుకోవడమే న్యాయం.

సీతాఫలం విషయంలో ఒక హెచ్చరిక, దయచేసి దీన్ని పెద్ద అక్షరాల్లో వేయండి. గింజలతో పాటు పండును మిక్సీలో వేసి, తరువాత వడకట్టుకోండి అని కొందరు చెబుతున్నారు. అలా ఎప్పుడూ చేయకూడదు. గింజ లోపలి పప్పు విషం. గింజ మింగినా పగలకుండా బయటికి పోతుంది గానీ బ్లేడుకు నలిగితే ఆ విషం గుజ్జులో కలుస్తుంది. పేలు పోవడానికి ఈ గింజల పొడిని తలకు పట్టించి, కళ్లలో పడి చూపు దెబ్బతిన్న కేసులు వైద్యుల దగ్గరికి వచ్చాయి. సరైన పద్ధతి ఇది: గుజ్జును స్టీలు జల్లెడలో వేసి, చెంచా వెనక భాగంతో మెల్లగా రుద్దండి. గుజ్జు కింద గిన్నెలోకి దిగుతుంది, గింజలు జల్లెడలో నిలుస్తాయి. మధ్యస్థమైన పండ్లు రెండింటికి ఐదారు నిమిషాలు పడుతుంది. ఆ గుజ్జు 100 గ్రాములకు చల్లటి పాలు 150 మిల్లీలీటర్లు పోసి, మిక్సీ కూడా లేకుండా కవ్వంతో గిలకొడితే చాలు. సీతాఫలం గుజ్జును వేడి చేయవద్దు, చేదెక్కుతుంది.

జామ మన స్మూతీలలో చాలా తక్కువగా కనబడుతుంది. అది అన్యాయం. 100 గ్రాముల జామలో సుమారు 200 మిల్లీగ్రాముల సి విటమిన్ ఉంటుంది, పెద్దవారికి రోజుకు కావలసినదానికి అది రెండింతల పైమాటే. చవక, పీచు ఎక్కువ, చక్కెర తక్కువ. చిక్కంతా గింజలతోనే. గింజ నలిగితే ఇసుక నమిలినట్టుంటుంది. పండును నాలుగు ముక్కలు చేసి, గింజలున్న నడిమి గుజ్జును చెంచాతో విడిగా తీయండి. ఆ గుజ్జులో 50 మిల్లీలీటర్ల నీళ్లు పోసి చేత్తో పిసికి జల్లెడ పట్టండి. తొక్కతో ఉన్న పైభాగాన్ని మాత్రం మిక్సీలో వేసి, జల్లెడ పట్టిన రసంతో కలిపి ముప్పై సెకన్లు తిప్పండి. పీచు పోదు, ఇసుక ఉండదు. చిటికెడు ఉప్పు, జీలకర్ర పొడి, అరచెక్క నిమ్మరసం.

దానిమ్మకూ ఇదే జాగ్రత్త కావాలి. మిక్సీని రెండు మూడు సార్లు ఇటు వేసి అటు ఆపితే రసం విడుస్తుంది. వెంటనే వడకట్టాలి. ఎక్కువసేపు తిప్పితే గింజలు నలిగి వగరు. బత్తాయిలోనూ కమలాలోనూ ఒక్క గింజ పడినా గ్లాసంతా చేదే. తొనల మీది తెల్లటి పొరా అంతే. పుచ్చకాయకు మిక్సీ ఐదు సెకన్లు చాలు, నీళ్లు పోయనక్కరలేదు.

సపోటా వగరుకు కారణం కాయలోని పాలు, టానిన్లు. పండు మెత్తగా ఉందని కొనేయకండి. తొక్కను గోటితో సన్నగా గీకి చూడండి. కింద ఆకుపచ్చ కనబడితే ముదరని కాయ కోసి తెచ్చారన్నట్టు. అది మెత్తబడినా వగరు పోదు. గోధుమ పసుపు రంగు కనబడాలి. సపోటాలో పిండి పదార్థం 100 గ్రాములకు 20 గ్రాముల దాకా ఉంటుంది. దానికి పంచదార కలపమని రాసే వంటకాన్ని ఏ పేజీలోనూ వేయవద్దని మనవి.

మామిడికి వద్దాం. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన మన బంగినపల్లి స్మూతీకి పుట్టిన పండు. పీచు లేదు, గుజ్జు గట్టి. రసాలు అలా కాదు. చిన్న రసం, పెద్ద రసం మిక్సీలో వేస్తే పీచు బ్లేడుకు చుట్టుకుని మోటారు మీద భారం పడుతుంది. వాటిని చేత్తో పిసికి, రసం జల్లెడ పట్టి, పెరుగుతో గిలకొట్టడమే దారి. ఏ రకమైనా వాడే ముందు తొడిమ దగ్గర కోసి, అరగంట నీళ్లలో వేసి ఉంచితే జీడి పోతుంది. కాల్షియం కార్బైడ్‌తో పండ్లు మగ్గబెట్టడం మన దేశ ఆహార భద్రత నిబంధనల ప్రకారం నిషిద్ధం. అనుమతి ఉన్నది ఇథిలిన్ వాయువుకు, అదీ 100 పీపీఎం (పది లక్షల వంతుల్లో 100 వంతులు) వరకే. నమ్మకమైన తోట దగ్గర గట్టి కాయ కొని ఇంట్లో గడ్డిలో ముగ్గేయగలిగితే అంతకు మించినది లేదు.

మే నెల మామిడిని ఆగస్టులో తాగాలంటే ఫ్రీజర్ ఉంది. గుజ్జును ఐసు ట్రేలో పోసి గడ్డకట్టించి, ముక్కలను గాలి తీసిన జిప్ కవర్‌లో వేసి తేదీ రాసి పెట్టండి. ఒకసారి నాలుగు ముక్కలు తూచుకుంటే ఆ తరువాత లెక్క తేలిక. అరటిపండును తొక్కతో ఫ్రీజర్‌లో పెడితే తొక్క నల్లబడి ఊడిరాదు. తొక్క తీసి, అంగుళం ముక్కలు కోసి, పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి మూడు గంటలు గడ్డకట్టించి, తరువాత కవర్‌లోకి మార్చండి. కరెంటు పోయి పూర్తిగా కరిగిన గుజ్జును మళ్లీ గడ్డకట్టించవద్దు, ఆ రోజే వాడేయండి.

ఇలా గడ్డకట్టిన పండు ఉంటే ఐసు అక్కరలేదు. మిక్సీ ప్లాస్టిక్ జారుల్లో ఐసు గడ్డలు వేసి తిప్పితే గోడలు పగులుతాయి, బ్లేడు అంచు మొద్దుబారుతుంది, కరిగాక స్మూతీ నీళ్లనీళ్లగా తయారవుతుంది. గడ్డకట్టిన పండు ముక్కలనైనా ఐదు నిమిషాలు బయట ఉంచి వేయండి. జారులో ముందు నీళ్లు, తరువాత మెత్తటి పండు, పైన గట్టి ముక్కలు. ఈ వరస తిరగబడితే బ్లేడు చుట్టూ గాలి గూడు కట్టి, మోటారు హోరెత్తుతుంది గానీ పైనున్నది కదలదు. అప్పుడు ఇంకా వేగం పెంచడం కాదు, ఆపి రెండు చెంచాల నీళ్లు పోసి కలపాలి. జారు సగం మించి నింపవద్దు. కాలిన వాసన వచ్చి మిక్సీ ఆగిపోతే కంగారుపడకండి. ప్లగ్గు తీసి, పదిహేను నిమిషాలు చల్లారనిచ్చి, అడుగున ఉన్న ఎర్ర బొత్తాం లోపలికి నొక్కితే చాలాసార్లు మళ్లీ నడుస్తుంది. కడిగేటప్పుడు మూత వాషర్‌ను తప్పకుండా ఊడదీయాలి. పండు గుజ్జు దాని సందులో చేరి బూజు పడుతుంది, రేపటి స్మూతీ పుల్లగా ఉండటానికి చాలాసార్లు అదే కారణం.

గింజల గురించి రెండు మాటలు. అవిసె గింజలు అలాగే వేస్తే అరగకుండా పోతాయి. దోరగా వేయించి పొడి కొట్టాలి, వారానికి సరిపడా మాత్రమే, ఫ్రిజ్‌లో ఉంచాలి. లేకపోతే నూనె ముక్కిన వాసన వస్తుంది. అవిసె పొడి కలిపాక పది నిమిషాల్లో గ్లాసు జిగురుగా మారుతుంది, అది చెడిపోవడం కాదు. సబ్జా గింజలు మిక్సీలోకి అక్కరలేదు. చెంచాడు గింజలు అరకప్పు నీళ్లలో పావుగంట నానబెట్టి పైన కలపండి. నానని సబ్జా పిల్లలకు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది.

అరటిపండును ప్రతి స్మూతీలో చిక్కదనం కోసం వేస్తారు. దీని మీద 2023లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు ఆసక్తికరమైన ఫలితం ప్రకటించారు. కోసిన అరటిని నల్లబరిచే పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము, ద్రాక్ష, ఆపిల్, బెర్రీలు, కోకోలలో ఉండే ఫ్లావనాల్స్ అనే మేలుచేసే పదార్థాలను కూడా విరగ్గొడుతుందట. అరటి కలిపిన స్మూతీ తాగినవారి రక్తంలో అవి చాలా తక్కువగా కనబడ్డాయి. పాల్గొన్నవారు కొద్దిమందే కాబట్టి అరటిని వెలివేయనక్కరలేదు. నల్ల ద్రాక్షతో చేసే రోజున చిక్కదనానికి అరటి బదులు పెరుగు వాడితే సరిపోతుంది.

స్మూతీ చేసిన పావుగంటలో తాగాలి. ఆలస్యమైన కొద్దీ సి విటమిన్ తగ్గుతుంది, రంగు మారుతుంది, నీరు విడుస్తుంది. పాలు, పెరుగు కలిసినది మన ఎండల్లో గంటకు మించి బయట ఉంచడం క్షేమం కాదు. పిల్లల డబ్బాలో పెట్టి బడికి పంపేదానికి పండు ముక్కలే నయం.

ఇది అందరికీ తగినది కాదన్న మాట కూడా అచ్చులో రావాలి. మధుమేహం ఉన్నవారికి పండును నమిలి తినడమే మొదటి దారి. స్మూతీ చేసుకున్నా జామ, బొప్పాయి లాంటివి 100 గ్రాములు మించకుండా, వైద్యుడు చెప్పిన భోజన లెక్కలో కలుపుకుని తాగాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి పొటాషియం అదుపు తప్పితే గుండెకు ప్రమాదం. అరటి, సపోటా, కొబ్బరినీళ్లు, ఎండు ఖర్జూరం అన్నింటిలోనూ పొటాషియం దండిగా ఉంది. మూత్రపిండాల జబ్బు ఇంటింటా మాటగా ఉన్న ఉద్దానం పల్లెలకూ మీ పత్రిక వెళుతుంది. అక్కడి పాఠకులు ‘శక్తినిచ్చే అరటి-కొబ్బరినీళ్ల స్మూతీ’ అన్న శీర్షిక చదివి రోజూ తాగితే ఏమవుతుందో ఆలోచించండి. మూత్రంలో రాళ్లు వచ్చేవారు పచ్చి పాలకూరతో చేసే ఆకుపచ్చ స్మూతీలకు దూరంగా ఉండాలి, అందులో ఆక్సలేట్లు ఎక్కువ. ఏడాది లోపు పసివాళ్లకు తేనె కలిపినది ఏదీ పెట్టకూడదు.

ఈసారి స్మూతీ వేసేటప్పుడు పండు బరువు గ్రాముల్లోనూ, ద్రవం మిల్లీలీటర్లలోనూ, తిప్పే సమయం సెకన్లలోనూ వేయించండి. చివర ఒక్క వరుసలో ఎవరు తాగకూడదో చేర్చండి. ఫొటో ఒక అంగుళం తగ్గిస్తే ఆ వరుసకు చోటు దొరుకుతుంది.

ఇట్లు,
ఆహార, పోషణ విషయాలు బోధించే ఒక పాఠకురాలు,
తెనాలి